గానయోగి శ్రీ పంచాక్షర గవాయిగారి జీవితము

కన్నడ దేశమున గదగు పట్టణమందు శ్రీ వీరేశ్వర పుణ్యాశ్రమమను సంస్థ కలదు. చూపులేని బాలురు, తల్లిదండ్రులు లేని బాలురు, తల్లిదండ్రులుండియు పోషణకు నోచుకొనని బాలురు అచ్చట చేరి, అన్నముతోపాటు సంగీతమును పొందుచుందురు. ఏ కులమని అడుగుట లేదు, ఏ మతమని అడుగుట లేదు. ఈ సంస్థకు మూలపురుషుడైన మహనీయుడు తానును పుట్టుకతోనే అంధుడు. వారే గానయోగి పంచాక్షర గవాయిగారు. తెలుగునాట మన వీరశైవ కుటుంబములలో ఆ పేరు విన్నవారు కొందరు కలరు. వారు ఏ స్థితినుండి బయలుదేరి ఏమి సాధించిరో తెలిసినవారు మాత్రము తక్కువ. అందుచేత ఈ నాలుగు మాటలు వ్రాయవలసి వచ్చినది.

పూర్వపు ధారవాడ జిల్లాలో హానగల్లు తాలూకా. అది 1997లో ఏర్పడిన హావేరి జిల్లాలో చేరినది. ఆ తాలూకాలోని కాడశెట్టిహళ్లి యను చిన్న గ్రామమున గురుపాదయ్య, నీలమ్మ యను జంగమ దంపతులకు 1892వ సంవత్సరము ఫిబ్రవరి 2వ తేదీన ఒక మగశిశువు జన్మించెను. గదిగెయ్య యని నామకరణము చేసిరి. అప్పటికే ఆ ఇంట గురుబసవయ్య యను కుమారుడుండెను. అతనికి చూపు లేదు. ఇప్పుడు పుట్టిన బిడ్డకును లేదని కొలది దినములకే తెలిసినది.

ఇది ఎంతటి కష్టమో జంగమ గృహముల రీతి తెలిసినవారికి వేరుగ చెప్పనక్కరలేదు. జంగమ బాలుడు పెద్దవాడై పెండ్లి మొదలగు శుభకార్యములు జరిపింపవలెను. పురాణము చదివి అర్థము చెప్పవలెను. ఊరూర తిరిగి భక్తులకు దీక్షాదులు ఇయ్యవలెను. గ్రంథము చదువలేనివాడు, ఒంటరిగా దారి నడువలేనివాడు ఈ పనులేమి చేయగలడని లోకము తలంచును. అంతకంటె లోతైన చిక్కు మరియొకటి కలదు. మన ఆచారమున ఇష్టలింగమును కరస్థలమందుంచుకొని దానియందే దృష్టి నిలుపుట పూజకు ప్రాణము వంటిది. దృష్టియే లేని బిడ్డ దేనిని నిలుపును? ఈ ప్రశ్న ఆ తల్లి మనస్సున పుట్టియుండదని అనుకొనజాలము. లింగము మొదట అరచేతికి తగులును, ఆ తరువాతనే కంటికి కనబడును. చూపులేని వటువు ఆ స్పర్శతోనే తన పూజను పూర్తి చేసికొనును. కాని ఈ మాట చెప్పి ధైర్యమిచ్చు పెద్దలు ప్రతి ఊరను ఉండరు గదా.

ఇరుగుపొరుగు చెప్పునది వేరు. పూర్వజన్మ కర్మమందురు. బసవేశ్వరుని మార్గములో పుట్టియు ఈ మాటను మనము ఇంకను విడువలేదు. లింగధారణతో పూర్వాశ్రయము తొలగినదని ఒకవంక చెప్పుచు, వేరొకవంక ఒక పసిబిడ్డ కన్నులను చూపి ఎన్నడో చేసిన పాపమును లెక్కించుట ఎట్టి న్యాయమో విజ్ఞులు ఆలోచింపవలెను. పాల్కురికి సోమనాథుని బసవపురాణములో ఉడుమూరు కన్నప్ప కథను మనము కన్నీళ్లతో చదువుకొందుము. శివునకు తన కన్నులిచ్చిన భక్తుని కాళహస్తిలో మ్రొక్కి వచ్చెదము. ఇంటికి వచ్చి, చూపులేక పుట్టిన బిడ్డను మాత్రము చుట్టములకు కనబడనీయక వెనుకగదిలో కూర్చుండబెట్టెదము. కఠినముగ వ్రాసితినని కొందరికి తోచవచ్చును. అట్టి గదులు నేటికిని మన ఊళ్లలో ఉన్నవి.

గురుపాదయ్య దంపతులు బిడ్డలను దాచలేదు. అన్నదమ్ములిద్దరికిని మంచి కంఠమున్నది. విన్న పాటను విన్నట్లే పట్టుకొని పాడుచుండిరి. తల్లి తిరుగలి త్రిప్పుచు పాడుకొను పాటలే వారికి తొలిపాఠములని అచ్చటివారు చెప్పుకొందురు. పిల్లల పాట సంగతి చుట్టుప్రక్కల ఊళ్లకు ప్రాకి, తుదకు హానగల్లు విరక్త మఠాధిపతులైన శ్రీ కుమారస్వామివారి చెవిని పడినది. ఆ బాలుర జీవితము అచ్చట మలుపు తిరిగెను.

హానగల్లు కుమారస్వామివారు వీరశైవ లోకమున చేసిన సేవ అందరును ఎరిగినదే. 1867లో జన్మించిరి. 1904లో వీరశైవ మహాసభ వెలయుటకు, 1909లో బాదామి సమీపమున మలప్రభా నదీతీరమందు శివయోగమందిరము స్థాపితమగుటకు వారే మూలస్తంభము. మఠాధిపతులు కాగోరు వటువులకు చదువు, యోగము, ఆచారము ఒకచోట నేర్పవలెనని వారి సంకల్పము. అచ్చట గోశాల నడిపిరి, విభూతి తయారు చేయించిరి, తాళపత్ర గ్రంథములు సేకరింపజేసిరి. ఇన్ని పెద్దపనుల నడుమ ఇద్దరు అంధ బాలుర సంగతి చిన్నదిగ తోచవలసినది. వారికట్లు తోచలేదు. పిల్లలను పిలిపించి పాడించుకొని విని, వారి భారము తామే వహించిరి.

ఇచ్చట ఒక విషయము గమనింపదగినది. అంధ బాలుని మఠమున చేర్చుకొని రెండు పూటల అన్నము పెట్టి ఒక మూల కూర్చుండబెట్టుట ఆ కాలమున క్రొత్త కాదు. ఆ మాత్రము చేసినను లోకము మెచ్చుకొనెడిది. కుమారస్వామివారు ఆ దారిని పోలేదు. ఈ బాలుడు ఏ కాయకము చేయగలడు, దానిని పూర్తిగ నేర్పువారెవరు అనునదే వారి విచారణ. దాసోహము పెట్టుట ఒకటి, దాసోహము చేయగల శక్తిని కలిగించుట మరియొకటి. రెండవది మిక్కిలి ఖర్చుతో కూడినది, ఓర్పుతో కూడినది.

అన్నగారైన గురుబసవయ్య ఎక్కువకాలము జీవింపలేదు. ఇంతకాలము ఒకరి భుజముపై ఒకరు చేయి వేసికొని నడచిన సోదరులలో చిన్నవాడు ఒంటరివాడయ్యెను. కుమారస్వామివారు అతనిని మరింత దగ్గరకు తీసికొనిరి. పంచాక్షరి యను పేరు గురుకృపచే వచ్చినదే. మొదట కర్ణాటక సంగీతము చెప్పించిరి. అందు నిమిత్తమై మైసూరుకును పంపిరి. పిదప హిందూస్థానీ సంగీతము కూడ రావలెనని తలంచి, మిరజు నీలకంఠబువా ఆలూరుమఠ్ గారిని శివయోగమందిరమునకు రప్పించి నేర్పించిరి. నీలకంఠబువాగారు గ్వాలియరు సంప్రదాయమును మహారాష్ట్రమునకు తెచ్చిన బాలకృష్ణబువా ఇచలకరంజీకరుగారి శిష్యులు. తరువాతి కాలమున జగద్విఖ్యాతులైన మల్లికార్జున మన్సూరుగారికిని తొలిదినములలో వీరే గురువులు.

ప్రసంగవశమున ఒక మాట. ఆ బాలకృష్ణబువాగారి శిష్యులలోనే విష్ణు దిగంబర పలుస్కరుగారు కలరు. వారు బాల్యమున బాణసంచా ప్రేలి కన్నులు దెబ్బతినుటచే సాధారణ విద్య సాగక మిరజుకు వచ్చి సంగీతమున ప్రవేశించిరి, 1901లో లాహోరునందు గాంధర్వ మహావిద్యాలయమును నెలకొల్పిరి. ఒకే గురుపరంపరలో, చూపు దెబ్బతిన్నవారొకరు, పుట్టుకతోనే చూపు లేనివారొకరు, ఇద్దరును పాఠశాలలు కట్టినవారే. పాడి పేరు తెచ్చుకొనుటతో ఇద్దరిలో ఎవరును తృప్తి పడలేదు.

చూపులేనివారు సంగీతము నేర్చుట సులభమని చాలమంది అనుకొందురు. కన్నులు పోయిన చెవులు పదునెక్కునను మాట ప్రచారములో ఉన్నది. దానిని అంత తేలికగ నమ్మరాదు. సాధన లేక ఏ చెవియు పదునెక్కదు. నేడు భారతీయ భాషలన్నిటికి ఒకే పద్ధతిలో ఏర్పడిన భారతీ బ్రెయిలీ 1951లో వచ్చినది. గవాయిగారు నేర్చుకొను దినములలో వారి చేతికి అందిన లిపి లేదు. పాఠమును వ్రాసికొని ఇంటికడ మరల చూచుకొను వసతి లేదు. గురువు నోట వెలువడిన క్షణముననే దానిని మనస్సున నిలుపుకొనవలెను, జారినచో మరల గురువు కరుణించువరకు వేచియుండవలెను. రాగమునకు స్వరములు, వాని వక్రగతులు, విలంబితమున ఒక ఖ్యాలు, ద్రుతమున ఒకటి, తాళమునకు బోలులు, ఇట్లు వందలకొలది అంశములు ధారణలోనే ఉండవలెను. తబలా నేర్చునపుడు గురువు వ్రేళ్లు ఎచ్చట పడుచున్నవో చూచుటకు లేదు. చేతిపై చేయి వేసి తెలిసికొనవలెను, కరణి అంచు ఎచ్చట ముగియునో వ్రేలికొనతో గుర్తింపవలెను. గవాయిగారు గాత్రముతోపాటు తబలా, హార్మోనియము మొదలగు వాద్యములను కూడ సాధించిరి. కర్ణాటక, హిందూస్థానీ పద్ధతులు రెండింటను అధికారము సంపాదించినందున ఉభయ గానములలో విశారదులని ప్రఖ్యాతి కలిగెను.

ఆ ప్రఖ్యాతితో వారు ఏ సంస్థానమునైనను ఆశ్రయించి సుఖముగ ఉండవచ్చును. గురువుగారి ఆజ్ఞ వేరు. తనవలె చూపులేనివారికి, దిక్కులేనివారికి ఈ విద్యను పంచవలెననియు, తనకొరకు ఏమియు కూడబెట్టుకొనరాదనియు కుమారస్వామివారు ఆదేశించిరి. గవాయిగారు బ్రహ్మచర్యమున ఉండి, జీవితాంతము దానిని పాటించిరి. ఇదేమి కఠినమైన గురుదక్షిణ యని మనకు తోచును. నిజముగ కఠినమే. చూపుండి చేయదలచినను ఎందరమో చేయజాలని పనిని చూపులేని యువకునిపై మోపుట న్యాయమా యని అడుగువారు ఉండవచ్చును. ఆ యువకుడు అడుగలేదు. అంధుడు ఎల్లప్పుడును పుచ్చుకొను చేయి మాత్రమే కాడని ఆ గురువు నమ్మెను. అట్లు నమ్మినవారు ఆ బాలుని జీవితములో అంతవరకు తల్లిదండ్రులు తప్ప వేరెవరును లేరేమో.

నిడగుంది కొప్పలో ప్రారంభమైన ఆ సంగీత పాఠశాలకు చాలకాలము స్థిరమైన ఇల్లు లేదు. సంచార పాఠశాల యనియే దానికి పేరు. గురువును శిష్యులును ఊరినుండి ఊరికి నడచుచుండిరి. భక్తులు ఆదరించిన చోట కొంతకాలము నిలుతురు. కరువు వచ్చినచోటనుండి కదలుదురు. పాఠము మాత్రము ఆగదు. గవాయిగారు జోలె పట్టి జొన్నలు, రొట్టెలు యాచించి తెచ్చి పిల్లలకు పెట్టిరి. జంగమునకు జోలె అవమానము కాదు, ఆచారమే. అయినను అది ఒక కడుపునకు సరిపోవు ఏర్పాటు. రోజునకొక బాలుడు వచ్చి చేరుచుండగా అది ఎట్లు చాలును? కొన్ని దినములు పస్తులు తప్పలేదు. పిల్లలకు పెట్టి తాను లేకుండుటయు వారికి అలవాటైనదే.

ఈ అవసరముననే వారు నాటక మండలిని కూడ నడిపిరి. నాటకమనిన మఠములకు సంబంధించినవారు పెదవి విరుచు కాలమది. గవాయిగారు ఆ విమర్శను పట్టించుకొనలేదు. శరణుల కథలు, పురాణ కథలు నాటకములుగ ఆడించి, వచ్చిన సొమ్ముతో పిల్లలకు తిండియు బట్టయు సమకూర్చిరి. విరాళము దాత దయను బట్టి వచ్చును, నాటకమునకు కొన్న టిక్కెట్టు ప్రదర్శకుని శ్రమను బట్టి వచ్చును. రెండవదానిలో అంధ బాలునికి మిగులు మర్యాద వేరు.

ఒక సందేహమును దాటి పోరాదు. చూపులేని ప్రతి బిడ్డకును కంఠముండునా? ఉండదు. సంగీతమొకటే అంధులకు తగినదని నిర్ణయించి, శ్రుతి పట్టని బాలుని కూడ తంబురా ముందు కూర్చుండబెట్టుట మరియొక విధమగు నిర్బంధమగును. పాడలేనివానికి తబలా, అది రానివానికి హార్మోనియము లేక వయోలిను, కొందరికి కీర్తనము, పురాణ ప్రవచనము, ఇట్లు గవాయిగారి పాఠశాలలో దారులుండెను. ఆ కాలమునకు అది చాల విశాలమైన ఏర్పాటు. నేడు చూపులేనివారు న్యాయవాదులుగ, ఆచార్యులుగ, ప్రభుత్వోద్యోగులుగ పనిచేయుచున్నారు. ఈనాటి మఠములు అంధ బాలుర కొరకు ఏమైన చేయదలచినచో సంగీతముతో ఆగిపోనవసరము లేదు. గవాయిగారు తమ చేతిలో ఉన్న విద్యను పంచిరి, మన చేతిలో ఇంకను ఎక్కువ ఉన్నవి.

అరువది ముగ్గురు పురాతనులలో దండి అడిగళ్ అను భక్తుడు పుట్టంధుడు. తిరువారూరు కోనేరు పూడిపోవుచుండగా దానిని త్రవ్వ సంకల్పించి, లోపల ఒక గుంజయు గట్టున ఒక గుంజయు పాతి, నడుమ త్రాడు కట్టి, ఆ త్రాడు పట్టుకొని తడవికొనుచు మట్టి మోసెనని కథ. చివరకు శివుడు అతనికి చూపు ప్రసాదించెను. పురాణ కథలలో చూపు తిరిగి వచ్చును. గవాయిగారికి రాలేదు. యాబది రెండు సంవత్సరములు వారు ఆ చీకటిలోనే పనిచేసిరి. మహిమలను వెదకువారికి ఇది చప్పగ తోచవచ్చును. నా మట్టుకు ఈ రెండవ కథయే ఎక్కువ బలమిచ్చునది, ఏలయనగా మన ఇండ్లలోని బిడ్డలకును చూపు తిరిగి రాదు.

1930లో కుమారస్వామివారు లింగైక్యులైరి. గవాయిగారికి అది రెండవసారి దిక్కు లేకపోవుట. అప్పటికి వారినే నమ్ముకొని ఎందరో బాలురుండిరి, కనుక దుఃఖించుటకును తీరిక లేదు. ఆ శిష్యులలో ముఖ్యుడు పుట్టరాజు. 1914లో హానగల్లు తాలూకాలోనే జన్మించి, శైశవముననే చూపును, బాల్యముననే తల్లిదండ్రులను కోల్పోయిన ఆ బాలుని గవాయిగారు స్వయముగ తీర్చిదిద్దిరి. ధారవాడ ప్రాంతపు యలివాళ గ్రామమునుండి వచ్చిన బసవరాజ రాజగురు మరియొకరు. ఇతనికి చూపున్నది, తండ్రి లేడు. రాయచూరు ప్రాంతపు సిద్ధరామ జంబలదిన్ని, హుబ్బళ్లి అర్జునసా నాకోడ్ కూడ ఈ గురువు పాఠము చెప్పినవారే. నాకోడ్ వీరశైవుడు కాడు. జంబలదిన్నిగారు వచనములను రాగములలో పాడి ఇంటింట వినిపించినవారిలో అగ్రగణ్యులైరి. బసవాది శరణుల వచనములు సభలలో, ఆకాశవాణిలో పాటగ వినబడుటకు ఈ పాఠశాల ఎంత కారణమో దీనినిబట్టి తెలియును.

1936లో తుంగభద్రా తీరమున హంపీయందు విజయనగర సామ్రాజ్య స్థాపనకు ఆరువందల సంవత్సరములు నిండిన సందర్భమున ఉత్సవములు జరిగెను. తెలుగువారును కన్నడిగులును తమదని చెప్పుకొను చరిత్రకు సంబంధించిన సభ. అందు బసవరాజ రాజగురు మొదటిసారి పెద్ద సభలో పాడెను. ప్రక్కన తబలా వాయించినది స్వయముగ గవాయిగారు. గాయకులకు గురువైనవారు, ఉభయ గానములలో విశారదులు, తమ శిష్యుడైన కుఱ్ఱవాని ప్రక్కన కూర్చుండి అతనికి తాళము పట్టుచుండిరి. సంగీత ప్రపంచములో పక్కవాద్యమునకు ఏ స్థానమో, పెద్దచిన్న పట్టింపులు ఎట్లుండునో తెలిసినవారికి ఈ ఒక్క సంగతి చాలును. ఆ రాజగురుగారు 1991లో దివంగతులగు వరకు దేశమంతట గురువు పేరు నిలిపిరి.

సంచారమునకు 1942లో ముగింపు వచ్చెను. గదగు పట్టణములో బసరిగిడద వీరప్ప యను భక్తుడు స్థలమొసగగా పాఠశాల అచ్చట స్థిరపడినది. ఆ దాత పేరనే వీరేశ్వర పుణ్యాశ్రమమని పిలువబడెను. సంవత్సరముల తరబడి ఊరూర తిరిగిన పిల్లలకు ఇది మనదని చెప్పుకొను గోడ దొరికినది. చూపులేనివానికి తెలిసిన గోడ ఎంత ధైర్యమో చూపున్నవారికి అంతగ తెలియదు. గడప ఎచ్చట, బావి ఎచ్చట, గురువు కూర్చుండు స్థలము ఎన్ని అడుగులు, ఇవి ఒకసారి కాలికి అలవాటైనచో ఇంకొకరి చేయి అక్కరలేదు.

ఆ సౌఖ్యమును గవాయిగారు రెండు సంవత్సరములే అనుభవించిరి. 1944వ సంవత్సరము జూన్ 11వ తేదీన వారు లింగైక్యులైరి. ఆస్తి యేమియు లేదు. ఉన్నది ఆశ్రమము, పిల్లలు, వారిని పోషింపవలసిన బాధ్యత. వానిని ముప్పది యేండ్ల పుట్టరాజ గవాయిగారికి అప్పగించి వెళ్లిరి.

పుట్టరాజ గవాయిగారు ఆ బాధ్యతను అరువదియారు సంవత్సరములు మోసిరి. కన్నడ, సంస్కృత, హిందీ భాషలలో గ్రంథములు రచించిరి, అందు హిందీ బసవపురాణమును ఉన్నది. భక్తులు వారిని త్రాసులో కూర్చుండబెట్టి నాణెములతో తులాభారములు చేయుచుండిరి. ఆ ధనము అంధ బాలుర భోజనమునకు, విద్యకు వినియోగమయ్యెను. 2010లో వారికి పద్మభూషణ పురస్కారము లభించెను, ఆ సంవత్సరమే సెప్టెంబరు 17వ తేదీన లింగైక్యులైరి. పంచాక్షర గవాయిగారి చరిత్రను 1995లో కన్నడమున చలనచిత్రముగ తీసిరి. అందలి గానమునకు మన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యముగారికి, సంగీతమునకు హంసలేఖగారికి జాతీయ పురస్కారములు వచ్చినవి. హిందూస్థానీ పద్ధతిలో గవాయిగారి గానమును వినిపించుటకు ఒక తెలుగు కంఠము నియమింపబడుట మనకు సంతోషకరమే.

గురుశిష్యుల సమాధులు రెండును పుణ్యాశ్రమమునందే కలవు. గదగునకు వెళ్లు భక్తులు వాని దర్శనము చేసికొనవచ్చును. చూపులేని పిల్లలున్న తల్లిదండ్రులు వెళ్లినచో దర్శనముతో ఆగక, పిల్లలు సాధన చేయుచుండు గదుల ప్రక్కన కొంతసేపు నిలిచి వినవలెను. అచ్చట చిన్నవానికి పాఠము చెప్పుచున్నవాడు తరచుగ వానికంటె నాలుగేండ్లు పెద్దవాడైన మరియొక విద్యార్థియే యగును.